దేవుడు ఆపగలిగితే ఎందుకు ఆపలేదు?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. నాలుగు తరాలుగా లూథరన్ సంఘస్థులం. నా చెల్లెలి కూతురు, ఆరేళ్ల పాప, రక్త క్యాన్సరుతో నిరుడు చనిపోయింది. సంఘమంతా ఉపవాస ప్రార్థనలు చేసినా దక్కలేదు. ఆదరణ కూడికలో ఒక పెద్దాయన అందరి ముందూ, ‘ఇంట్లో ఒప్పుకోని పాపమేదో ఉండి ఉంటుంది’ అన్నారు. మరొకరు, ‘దేవుడు మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడు, లోకంలోని కీడంతా దానివల్లే వచ్చింది’ అన్నారు. అప్పటినుంచి మా చెల్లెలు ఆరాధనలో పాటలు పాడడం లేదు. ఇంజనీరింగ్ చదువుతున్న మా అబ్బాయి చర్చికి రావడమే మానేశాడు. ‘ఆపగలిగీ ఆపకపోతే దేవుడు మంచివాడు కాడు, ఆపాలనుకున్నా ఆపలేకపోతే సర్వశక్తిమంతుడు కాడు, రెంటిలో ఏది ఒప్పుకుంటావో చెప్పమ్మా’ అంటాడు. వాడికి ఏమి చెప్పాలి? చెల్లెలికి ఏమి చెప్పాలి?

జవాబు: అమ్మా, మీ అబ్బాయి ప్రశ్న, మీ చెల్లెలి మౌనం ఒకే మరణం నుంచి పుట్టినా, ఆ ఇద్దరికీ కావలసినవి ఒకటి కావు. మీ అబ్బాయి ఒక వాదం చేస్తున్నాడు కాబట్టి దానికి వాదంతోనే బదులు చెప్పాలి. మీ చెల్లెలు ఎవరితోనూ వాదించడం లేదు. ఈ రెండింటినీ కలిపేసి తల్లికి తర్కం, కుర్రవాడికి ఓదార్పు అందించడం మన సంఘాలలో తరచుగా జరుగుతూనే ఉంది, అందువల్ల ఇద్దరూ దూరమవుతూనే ఉన్నారు. అయితే ఈ రెంటికన్నా ముందు ఆ పెద్దాయన అన్న మాటను తేల్చుకోవాలి, ఎందుకంటే అది అలాగే ఉండగా మీరు ఏమి చెప్పినా వారి చెవికెక్కదు.

ఆజ్ఞలు పాటిస్తే దీవెన, మీరితే శాపం అని ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయం చెబుతుంది కాబట్టి, ఆయన భావన బైబిలులో బొత్తిగా లేనిది అనలేము. కాని ఆ సూత్రాన్ని తిరగేసి, కష్టం కనబడిన ప్రతి ఇంట్లోనూ దాచిన పాపం ఉండి తీరాలని తీర్పు చెప్పే అధికారం ఆ గ్రంథం ఎవరికీ ఇవ్వలేదు. సరిగ్గా ఆ తీర్పును ఖండించడానికే యోబు గ్రంథం ఉన్నదని చెప్పవచ్చు. పదిమంది బిడ్డలను ఒకే రోజున పోగొట్టుకున్న యోబుతో ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురు స్నేహితులు అధ్యాయాల తరబడి చెప్పినది మీ పెద్దాయన చెప్పినదే. చివరి అధ్యాయంలో దేవుడు ఎలీఫజుతో, యోబు పలికినట్లు మీరు నన్ను గూర్చి యుక్తమైనది పలుకలేదు, మీ మీద నా కోపం మండుచున్నది అంటాడు. దేవుని మీదనే అభియోగం మోపిన యోబు మాట యుక్తమైనదయింది, దేవుని పక్షాన వకాల్తా పుచ్చుకున్నవారి మాట కాకుండా పోయింది. సువార్తలలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఇతడు పాపం చేశాడా, ఇతని తల్లిదండ్రులా అని శిష్యులు అడిగితే, యోహాను 9వ అధ్యాయంలో యేసు రెండూ కాదంటాడు. సిలోయములో గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మంది ఇతరులకంటే ఎక్కువ అపరాధులని అనుకుంటున్నారా అని లూకా 13వ అధ్యాయంలో అడిగి, తానే కాదని చెప్పి, వింటున్నవారినే మారుమనస్సు పొందమంటాడు. గోపురం ఎందుకు కూలిందో మాత్రం చెప్పడు. ఆ చెప్పకపోవడాన్ని గుర్తుంచుకోండి, దానితో మనకు మళ్లీ పని పడుతుంది.

ఇక మీ అబ్బాయి సంగతి. అతను అడిగినది విశ్వాసాన్ని ధిక్కరించడానికి ఈ తరం కనిపెట్టిన ప్రశ్న అని మీరు భయపడుతున్నట్లుంది. క్రీస్తు పూర్వం 341 నుంచి 270 వరకు జీవించిన గ్రీకు తత్త్వవేత్త ఎపిక్యూరస్ పేర ఈ ప్రశ్న ప్రసిద్ధం. అది మనదాకా వచ్చినది నాలుగో శతాబ్దపు తొలి సంవత్సరాలలో రాసిన క్రైస్తవ రచయిత లాక్టాంటియస్ వల్ల, ఆయన దానికి బదులివ్వడానికే దాన్ని ఎత్తి రాసుకున్నాడు. పదమూడో శతాబ్దంలో క్రైస్తవ వేదాంతి థామస్ అక్వినాస్, దేవుడున్నాడా అనే ప్రశ్న వేసుకుని, ఎదుటి పక్షం తరఫున మొట్టమొదట చెప్పిన అభ్యంతరం కూడా లోకంలోని కీడే. కాబట్టి ఈ ప్రశ్న అడిగినందుకు మీ అబ్బాయి విశ్వాసం నుంచి జారిపోయాడని అనుకోకండి. ఒక మంచి ప్రశ్న దగ్గరకు సొంతంగా చేరుకున్నాడు, అంతే.

ఆ వాదంలో బలమూ ఉంది, ఒక ఖాళీ కూడా ఉంది. దేవుడు సర్వశక్తిమంతుడు, దేవుడు సంపూర్ణంగా మంచివాడు, లోకంలో కీడు ఉన్నది అనే మూడు మాటలను పక్కపక్కన పెట్టినంత మాత్రాన అవి ఒకదానినొకటి కొట్టివేయవు. మంచివాడు తనకు చేతనైనంతవరకు ప్రతి కీడునూ తొలగించి తీరుతాడు, సర్వశక్తిమంతుడికి చేతకానిది ఏదీ ఉండదు అనే మరి రెండు మాటలు కలిస్తేనే వైరుధ్యం తేలుతుంది. 1955లో ఈ వాదాన్ని నిక్కచ్చిగా మలిచిన ఆస్ట్రేలియా తత్త్వవేత్త జె. ఎల్. మాకీ, ఈ అదనపు మాటలు అవసరమని దాచకుండా తానే చెప్పాడు. క్రైస్తవులు పట్టుకున్నది ఆ రెండింటినే. సర్వశక్తి అంటే అర్థం లేని పనులు చేయగలగడం కాదని, నాలుగు మూలల వృత్తాన్ని గీయలేకపోవడం శక్తిలో లోపం కాదని, అసలు అటువంటిది చేయదగిన పనే కాదని అక్వినాస్ వివరించాడు. దాని మీద కట్టినదే స్వేచ్ఛావాదం. ఒక మనిషి తన ఇష్టంతో మంచిని ఎంచుకునేలా అతణ్ణి బలవంతపెట్టడం నాలుగు మూలల వృత్తం వంటిదే కాబట్టి, స్వేచ్ఛ గల మనుషులున్న లోకం కావాలనుకున్న దేవుడు, వారు దుర్మార్గాన్ని ఎంచుకునే అవకాశాన్ని కూడా మిగల్చక తప్పదు. 1974లో అమెరికా తత్త్వవేత్త ఆల్విన్ ప్లాంటింగా ఈ మాటను తర్కశాస్త్ర పద్ధతిలో నిరూపించిన తరువాత, దేవుడూ కీడూ రెండూ ఉండడం తర్కరీత్యా అసంభవం అనే వాదనకు తత్త్వవేత్తలలో మునుపటి బలం లేదు.

అయితే ప్లాంటింగా చేసినది ఎంతవరకో స్పష్టంగా చెప్పుకోవాలి. దేవునికి కీడును ఉండనిచ్చే కారణం ఒకటి ఉండగలదని ఆయన చూపించాడు. ఫలానా కీడుకు ఫలానా కారణం ఉందని ఆయన చెప్పలేదు, చెబుతున్నానని అనుకోనూ లేదు. మన ప్రసంగాలలో ఈ తేడా పూర్తిగా మాయమైపోతుంది. మాకీ వేసిన మరో ప్రశ్న కూడా ఉంది. ఒకసారి స్వేచ్ఛగా మంచిని ఎంచుకోగలిగిన మనిషి ఎల్లప్పుడూ స్వేచ్ఛగానే మంచిని ఎంచుకోవడంలో వైరుధ్యం లేదు కదా, అటువంటివారినే దేవుడు ఎందుకు సృష్టించలేదు? పరలోకంలో విమోచింపబడినవారు పాపం చేయరనీ, వారికి స్వేచ్ఛ ఉంటుందనీ నమ్మే క్రైస్తవుడికి ఈ ప్రశ్న సూటిగా తగులుతుంది. మొదటి స్వేచ్ఛ పాపం చేయకుండా ఉండగలగడం, చివరి స్వేచ్ఛ పాపం చేయలేకపోవడం, మొదటిది దాటకుండా రెండోది రాదు అని తొలి శతాబ్దాల సంఘ పండితుడు అగస్టీన్ చెప్పిన మాట నాకు తెలిసినంతలో దీనికి అన్నిటికన్నా ఆలోచించదగ్గ సమాధానం. అది మీ అబ్బాయికి చాలుతుందని మాత్రం నేను హామీ ఇవ్వలేను.

మీరు లూథరన్లు కాబట్టి ఇంకొక సంగతి. ‘దేవుడు స్వేచ్ఛ ఇచ్చాడు’ అని అంత సులువుగా చెప్పిన ఆ రెండో పెద్దాయన, తన సంఘ మూలపురుషుడు ఏమి రాశాడో మరిచిపోయినట్లున్నారు. మనిషి చిత్తానికి స్వేచ్ఛ ఉందని 1524లో ఎరాస్మస్ అనే క్రైస్తవ పండితుడు రాస్తే, మరుసటి ఏడాదే మార్టిన్ లూథర్, రక్షణ విషయంలో ఆ చిత్తం బందీయే అని ఒక పెద్ద గ్రంథంతో ఖండించాడు. లూథరన్ల 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణంలోని 18వ అంశం, లౌకిక వ్యవహారాలలో మనిషికి కొంత స్వేచ్ఛ ఉన్నదనీ, ఆత్మ సహాయం లేకుండా దేవుని ఎదుట నీతిమంతుడయ్యే శక్తి మాత్రం లేదనీ అంటుంది. 1842లో గుంటూరు చేరిన మిషనరీ హెయర్ మొదలుకొని మీ సంఘానికి వచ్చిన వారసత్వం అది. కాల్విన్ అనే మరో సంస్కర్త మార్గంలోని సంఘాలు 1618, 19లలో డోర్ట్ మహాసభలో, ఎవరు రక్షణ పొందాలన్నది పూర్తిగా దేవుని ఎంపికే అని ఇంకా గట్టి మాట చెప్పాయి. కనుక ‘స్వేచ్ఛ’ అనేది క్రైస్తవులందరూ ఒకే గొంతుతో చెప్పే జవాబు కాదు, వారు అయిదు వందల ఏళ్లుగా తమలో తాము పోట్లాడుకుంటున్న విషయం. మీ అబ్బాయికి ఇది చెబితే అతను ఆశ్చర్యపోవచ్చు, కొంత ఊరట కూడా పొందవచ్చు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. స్వేచ్ఛావాదం ఎంత బలమైనదైనా, మీ చెల్లెలి పాప విషయంలో దానికి ఏమీ పని లేదు.

మనిషి చేతులతో జరిగిన కీడు దగ్గర ఆ వాదానికి పని ఉంది. 1985లో కారంచేడులోనూ, 1991లో చుండూరులోనూ దళితులను చంపినవారు చంపాలని నిర్ణయించుకునే చంపారు. అక్కడ ‘దేవుని చిత్తం’ అనడం నేరస్థులను తప్పించడమే అవుతుంది, మనిషి స్వేచ్ఛను గుర్తుచేయడం వారిని బాధ్యులను చేయడం అవుతుంది. అక్కడ కూడా, చంపినవాడి స్వేచ్ఛను కాపాడిన దేవుడు చచ్చినవాడి స్వేచ్ఛను ఎందుకు కాపాడలేదు అనే ప్రశ్న మిగిలే ఉంటుంది, దాన్ని దులిపేసుకోకూడదు. కాని ఎముక మూలుగలో రక్తకణాలు తయారయ్యేచోట ఏదో ఒక కణంలో జన్యువులు మారడాన్ని ఎవరు ఎంచుకున్నారు? చాలామంది పిల్లల విషయంలో ఆ మార్పుకు తల్లిదండ్రులు చేసిన పనిగాని, చేయని పనిగాని కారణంగా వైద్యులకు కనిపించదు. ఈ వాక్యాన్ని మీ చెల్లెలికి ఒకసారి కాదు, ఎన్నిసార్లయినా చెప్పండి.

1755 నవంబరు 1న, సకల పరిశుద్ధుల పండుగ ఉదయం, జనం చర్చిలలో నిండి ఉండగా లిస్బన్ నగరం భూకంపంతో కూలిపోయింది. ఆ తరువాత సముద్రం ముంచింది, మంటలు కాల్చాయి. సాధ్యమైన లోకాలన్నిటిలోకి దేవుడు చేసిన ఈ లోకమే ఉత్తమమైనదని జర్మన్ తత్త్వవేత్త లైబ్నిజ్ 1710లో చెప్పిన మాట మీద యూరపుకు నమ్మకం సడలడం అక్కడ మొదలయింది. మనకు అటువంటివి రెండు గుర్తుండాలి. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెన పదివేలకు పైగా ప్రాణాలు తీసుకుంది. 2004లో క్రిస్మస్ మరునాడు, అదీ ఆదివారం, తమిళనాట వేలాంకణ్ణి మాత క్షేత్రానికి వచ్చిన యాత్రికులు తీరంలోనే సునామీలో కొట్టుకుపోయారు. ఇక్కడ స్వేచ్ఛ అన్న మాట ఎక్కడ అతకాలి?

దీనికి చెప్పిన జవాబులు నాకు తెలుసు, వాటిలో ఏదీ నన్ను ఒప్పించలేదు. ఆదాము పతనంతో ప్రకృతి కూడా చెడింది అంటారు. సృష్టి యావత్తు మూలుగుతున్నదని రోమీయులకు రాసిన పత్రిక 8వ అధ్యాయంలో పౌలు చెప్పిన మాట నాకు ప్రియమైనదే, కాని మనిషి పుట్టకముందే జీవులకు వ్యాధులున్నాయని శిలాజాలు చూపుతున్నాయి. పైగా ఒకరి తప్పుకు మరొకరి పసిబిడ్డ బలి కావడం అసలు ప్రశ్నను ఇంకా పెద్దది చేస్తుందే గాని తీర్చదు. కష్టాలు ఆత్మను పరిణతికి తెస్తాయనే ఆలోచనకు రెండో శతాబ్దపు బిషప్పు ఇరేనియస్‌లో మూలం ఉంది, 1966లో బ్రిటిష్ తత్త్వవేత్త జాన్ హిక్ దాన్ని విస్తారంగా రాశాడు. పెద్దలకు కొంతమేర అది నిజం కావచ్చు. ఆరేళ్లకే ఆగిపోయిన ప్రాణం ఏ పరిణతి సాధించింది? ఆమె మరణం ఇతరులకు పాఠం అంటే, పాపను పాఠ్యపుస్తకంగా చేసినట్లవుతుంది. ఎవరికీ ఏ మేలూ కనబడని బాధ ఉన్నదని హిక్ స్వయంగా ఒప్పుకుని, మరణానంతర జీవితం మీదా, మర్మం మీదా భారం వేశాడు. 1979లో అమెరికా తత్త్వవేత్త విలియం రో, అడవి మంటల్లో కాలి, కొన్ని రోజులు ఒంటరిగా యాతనపడి చచ్చే జింకపిల్లను ఉదాహరణగా చూపి అన్నది కూడా ఇదే. దేవుడు అసంభవమని ఆయన అనలేదు. ఇటువంటి బాధ వెనక ఏ మేలూ లేదనుకోవడమే న్యాయంగా కనిపిస్తున్నదని అన్నాడు. మాకీ వాదం కన్నా ఇది మెత్తనిది, అందుకే దీని నుంచి తప్పించుకోవడం కష్టం.

దేవునికి ఉన్న కారణాలు మనకు కనబడకపోతే అవి లేవని ఎలా అనగలం అని కొందరు బదులిస్తారు. యోబుకు సుడిగాలిలోనుంచి దేవుడు ఇచ్చిన ప్రత్యుత్తరం కూడా ఆ దిశగానే ఉంది: నేను భూమికి పునాదులు వేసినప్పుడు నీవెక్కడ ఉంటివి? నేనూ చివరకు ఈ పక్షానే నిలబడతాను, అయితే ఒక షరతుతో. కారణం మనకు తెలియదని ఒప్పుకున్నవాడు, మరుక్షణమే ‘కారణం మీ ఇంటి పాపం’ అనడానికిగాని, ‘కారణం దేవుని గొప్ప ప్రణాళిక’ అనడానికిగాని హక్కు కోల్పోతాడు. తెలియదు అన్న మాటను మనం నిజాయితీగా అంటున్నామా, లేక వాదంలో చిక్కుకున్నప్పుడు మాత్రమే వాడుకుంటున్నామా అన్నది దీనితో బయటపడుతుంది.

ఈ ముడి నుంచి బయటపడడానికి దేవుని శక్తినే తగ్గించుకున్నవారూ ఉన్నారు. హెరాల్డ్ కుష్నర్ అనే అమెరికా యూదు రబ్బీ, తన కుమారుడు అరుదైన వ్యాధితో పద్నాలుగేళ్లకే చనిపోయిన తరువాత, దేవుడు మంచివాడేగాని అన్నీ ఆయన చేతిలో లేవనే నిర్ణయానికి వచ్చాడు. ఆ తండ్రిని తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. కాని ప్రతి ఆదివారం ‘సర్వశక్తిగల తండ్రి’ అని విశ్వాస ప్రమాణం చెప్పే సంఘానికి ఆ దారి మూసుకుపోయినట్లే, పునరుత్థానం మీద ఆశ పెట్టుకున్నవారికి ఆ శక్తిని వదులుకోవడం పాపను మళ్లీ చూస్తామనే ఆశను వదులుకోవడమే కూడా. క్రైస్తవ మతం వేరే చోట చూడమంటుంది. గెత్సేమనేలో యేసు ఈ గిన్నె నా యొద్దనుండి తొలగిపోనిమ్మని ప్రార్థిస్తే అది తొలగలేదు. ఆయనకు విశ్వాసం చాలలేదని గాని, దాచుకున్న పాపముందని గాని ఏ క్రైస్తవుడూ అనడు. సిలువ మీద ఆయన నోట వచ్చినది 22వ కీర్తన మొదటి ప్రశ్న, నా దేవా, నా దేవా, నీవు నన్నేల విడనాడితివి. దానికి అప్పుడు ఆకాశం నుంచి బదులు రాలేదు. 1944లో నాజీల చెరలోనుంచి డీట్రిష్ బోన్‌హోఫర్ అనే జర్మన్ లూథరన్ పాస్టరు, బాధపడే దేవుడు మాత్రమే సహాయం చేయగలడని మిత్రుడికి రాశాడు. మరుసటి ఏప్రిల్‌లో అతణ్ణి ఉరితీశారు. ఇది పాప ఎందుకు చనిపోయిందో చెప్పే వివరణ కాదు, అలా వాడకూడదు కూడా. కారణం చెప్పని దేవుడు ఆ బాధకు బయట నిలబడలేదని మాత్రమే ఇది చెబుతుంది. నేను విశ్వాసిగా మిగిలి ఉండడానికి ఇది చాలింది, మీ అబ్బాయికి చాలకపోవచ్చు.

అతనితో మాట్లాడేటప్పుడు, నీ వాదం తర్కరీత్యా దేవుణ్ణి కొట్టివేయదు, కాని పాప మరణానికి నా దగ్గర కూడా కారణం లేదు అని రెండు మాటలూ కలిపి చెప్పండి. ‘దేవుడే లేకపోతే ఇది అన్యాయమని నీకెలా తెలుసు?’ అనే ఎదురు ప్రశ్న మన యువజన కూడికలలో బాగా చెలామణి అవుతున్నది, దానితో మాత్రం అతణ్ణి కట్టివేయాలని చూడకండి. మీ నమ్మకాలను మీ కొలతలతోనే కొలుస్తున్నానని అతను అంటే ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. చర్చికి రావడాన్ని ఇంట్లో పరీక్షగా పెట్టకండి. ఇరవై ఏళ్ల వయసులో తేలని ప్రశ్న నలభైలో తేలవచ్చు, తేలకపోయినా అతను మీ కొడుకే.

మీ చెల్లెలికి వివరణలు వద్దు. యోబు స్నేహితులు మాట్లాడి చెడిపోయారు గాని, అంతకుముందు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాటైనా పలకకుండా అతనితో కూడా నేల మీద కూర్చున్నారు. ‘యెహోవా ఇచ్చెను, యెహోవా తీసికొనిపోయెను’ అన్న మాట యోబు తన గురించి తానే అన్నది, ఎవరూ వచ్చి అతనికి చెప్పినది కాదు. మేలు కలుగుటకై సమస్తమును సమకూడి జరుగుచున్నవని పౌలు రాసిన వచనాన్ని కూడా ఆమె తానుగా ఎత్తేదాకా ఎవరినీ ఎత్తనివ్వకండి. పాటలు పాడమని ఒత్తిడి చేయవద్దు. చీకటే నాకు బంధువర్గమన్న మాటతో ముగిసిపోయే 88వ కీర్తన కూడా దేవుని మందిరంలో పాడుకోవడానికి రాసినదే కాబట్టి, పాడలేని నోరు కూడా ఆరాధనలో ఉండవచ్చు. పాప పేరును ఇంట్లో మామూలుగా పలకండి, ఆ పేరు వినిపిస్తే ఆమెకు గాయం రేగుతుందని అందరూ మౌనంగా ఉండడమే చాలాసార్లు ఎక్కువ బాధిస్తుంది. నిద్ర, తిండి నెలల తరబడి తప్పితే ప్రార్థనతో పాటు మానసిక వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లండి, అది అవిశ్వాసం కాదు.

చివరగా ఆ పెద్దాయన. యోబు గ్రంథం చివర, స్నేహితులు యోబు దగ్గరకే వెళ్లి బలి అర్పించాలనీ, యోబే వారికోసం ప్రార్థించాలనీ దేవుడు ఆజ్ఞాపించాడు. మీ పెద్దాయన ఆ మాటను నలుగురి ముందు అన్నారు కాబట్టి, మీ పాస్టరు గారితో కలిసి ఆయనను కలిసి, 42వ అధ్యాయం చదివించి, మీ చెల్లెలి ఇంటికి వెళ్లి దాన్ని వెనక్కి తీసుకోమని అడగండి. ఆయన ఒప్పుకోకపోతే పాస్టరు గారే సంఘం ముందు ఆ మాట తప్పని చెప్పాలి. దీనికి మరో కూడిక వచ్చేదాకా ఆగవద్దు.